చెరో డిస్కు

"రెండో డిస్కు మీ దగ్గరుందట కదా సార్? అది లేకపోతే మీ నాన్నగారి వీడియోలు ఒక్కటీ తెరుచుకోవు," అన్నాడు ల్యాప్‌టాప్ మెకానిక్ ఫోన్‌లో.

అవతల ఉన్నది తమ్ముడు. ఇవతల స్టూలు మీద కూర్చున్న అన్న ఫోన్ వైపు చెవి పెట్టాడు. ఇప్పుడు రానంటే ఇక ఎప్పటికీ రానట్టే.

"వస్తున్నా," అని ఫోన్ పెట్టేశాడు తమ్ముడు.

అన్నదమ్ముల మధ్య మాటల్లేక చాలాకాలమైంది. నాన్న పోయాక సామానంతా పంచుకున్నారు. మామూలు పంపకం కాదు. నిచ్చెన ఒక్కటే ఉంటే దాన్ని అడ్డంగా కోసి చెరో ముక్కా పట్టుకెళ్లిన మొనగాళ్లు! టీవీ తమ్ముడికి, ల్యాప్‌టాప్ అన్నకి వచ్చాయి. అయితే నాన్న ఏదో ఒకటి బాగుచేస్తూ, కబుర్లు చెబుతూ తీసుకున్న వీడియోలన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. కాపీ చేసుకోవాలంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. అది మాత్రం కుదరదన్నారు. లోపలున్న రెండు డిస్కులూ ఊడదీసి, కళ్లు మూసుకుని చెరొకటి తీసుకున్నారు.

తమ్ముడి డిస్కులో ఏమీ కనబడలేదు. "అన్నీ నువ్వు నొక్కేసి, ఖాళీది నా మొహాన కొట్టావు!" అని వీధిలో నిలబడి అరిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతనికి పాప పుట్టింది. తాత గొంతు ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలియదు.

తమ్ముడు షాపులోకి వచ్చాడు. అన్న వైపు కన్నెత్తి చూడలేదు. డిస్కు తీసి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"ఇది ఖాళీది. ఎన్నోసార్లు చూశాను."

"ఖాళీ కాదు సార్. మీ నాన్నగారు రెండు డిస్కుల్నీ కలిపి ఒకటిగా చేసేశారు. ప్రతి వీడియో సగం దీంట్లో, సగం దాంట్లో. విడిగా ఏది పెట్టినా ఖాళీగానే కనబడుతుంది."

తమ్ముడు ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. అంత తేలిగ్గా వదల్లేదు. "ల్యాప్‌టాప్‌లో అలా కలపడం కుదరదే! ఆ ఆప్షన్ బూడిద రంగులో ఉంటుంది. ఎంత నొక్కినా పనిచెయ్యదు."

మెకానిక్ స్క్రూడ్రైవర్ తీసి అటూ ఇటూ తిప్పాడు. అప్పుడు అన్న నోరు విప్పాడు.

"కుదరదంటే వినే మనిషా నాన్న? ఫ్యాను తిరగట్లేదని కుట్టుమిషన్ మోటారు పెట్టి తిప్పినాయన."

తమ్ముడికి నవ్వు రాబోయింది. వెంటనే పెదాలు బిగించుకున్నాడు.

"అయితే నీది కూడా తెరుచుకోలేదా?"

"తెరుచుకుంటే ఇక్కడికెందుకొస్తాను?"

"సరే. ముందు నీదొక్కటే పెట్టి చూపించమను."

అన్న స్టూలు మీంచి సగం లేచాడు. మెకానిక్ అతని వైపు ఒకసారి చూసి, చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"పెడతాను సార్. కానీ ఇలా మొండిగా కలిపినవాటిలో ఒక్కదాన్నే పెడితే, రెండో సగం కోసం వెతికి వెతికి ఉన్న సగాన్ని కూడా చెరిపేస్తుంది. ఆ పాపం నాకొద్దు. మీరు పెట్టమంటే పెడతా."

తమ్ముడు చటుక్కున డిస్కు మీది చెయ్యి తీసేశాడు. "వద్దొద్దు. రెండూ పెట్టు."

మెకానిక్ రెండూ బిగించాడు. తెర నల్లగా ఉండిపోయింది. తర్వాత ఒక తెల్లగీత కింద మెల్లగా పాకడం మొదలైంది. అన్నదమ్ములిద్దరూ తెలియకుండానే ముందుకు వంగారు. భుజాలు తగిలాయి. ఎవరూ పక్కకి జరగలేదు.

తెర మీద నాన్న! నోట్లో స్క్రూ పెట్టుకుని, "వెధవల్లారా, టార్చి సరిగ్గా పట్టుకోండిరా!" అని తిడుతున్నాడు.

తమ్ముడు బావురుమన్నాడు. "అన్నయ్యా, నువ్వే దాచుకున్నావనుకున్నా. నోటికొచ్చినట్టు తిట్టాను. నన్ను క్షమించు."

అన్న వాడి వీపు నిమురుతూ ఉండిపోయాడు. కాసేపటికి ల్యాప్‌టాప్‌ని సంచిలో పెట్టి తమ్ముడి చేతికిచ్చాడు.

"నువ్వే ఉంచుకో. పాపకి చూపించు."

"మరి నీకు?"

"నేను మీ ఇంటికొచ్చి చూస్తాలేరా."

తమ్ముడి బండి మలుపు తిరిగేదాకా వీధిలో నిలబడి చూసి, అన్న లోపలికి వచ్చి మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు: "నాన్న ఏదీ కలపలేదని, వాడి డిస్కు మొదట్నుంచీ ఖాళీదేనని, ఇన్నాళ్లూ ఆ వీడియోలన్నీ నేనొక్కణ్ణే చూస్తూ కూర్చున్నానని నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు."