గోడ అవతల చప్పట్లు

మస్తాన్‌రావు మధ్యాహ్నం నుంచి ఆ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవలేదు.

పోయినసారి మనవాళ్ళు ఇదే పాకిస్తాన్ మీద గెలిచినప్పుడు అందులోనే కూర్చున్నాడు. గెలిపించింది ఆ కుర్చీయేనని అతని నమ్మకం. ఈ సంగతి వినీ వినీ గురజాలలో వాళ్ళ వీధంతటికీ చెవులు చిల్లులు పడ్డాయి.

పక్కింటి తౌఫీక్ గోడ మీదుగా రెండుసార్లు పిలిచాడు.

"అన్నా, ఫోన్లో మ్యాచ్ లేటుగా వస్తది. మా ఇంటికి రా, టీవీలో చూద్దాం."

"కుర్చీ మారితే వికెట్ పడుద్దిరా. నువ్వు పో."

సాయంత్రానికి ఆఖరి ఓవర్ వచ్చింది. రెండు బంతులు. ఆరు పరుగులు.

ఫోన్లో మనవాడు బలంగా ఊపాడు. బ్యాట్‌కు తగల్లేదు. వాళ్ళ కీపర్ బంతి పట్టుకుని గంతులేశాడు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల కేకలు, చప్పట్లు. ఎవరో పళ్ళెం కూడా మోగిస్తున్నారు.

మస్తాన్‌రావుకు ఒళ్ళు మండిపోయింది. లేవనన్న కుర్చీలోంచి లేచి, చేతిలో ఫోన్‌తోనే తౌఫీక్ ఇంట్లోకి దూసుకెళ్ళాడు.

"ఏందిరా ఆ చప్పట్లు? తినేది ఇక్కడి కూడు, సంబరం అవతలోళ్ళకా?"



పంచదార గిన్నెతో అతనికి ఎదురొస్తున్న అమీనా బీ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె తౌఫీక్ తల్లి. పుట్టిన ఇద్దరూ దక్కక మస్తాన్‌రావు తల్లి కుమిలిపోతుంటే, గుంటూరులో మస్తాన్ దర్గాకు తీసుకెళ్ళి మొక్కించింది ఆమే. ఆ మొక్కుకే అతనికి ఆ పేరు.

తౌఫీక్ టీవీకి అడ్డం తప్పుకున్నాడు.

తెర మీద మన ఆటగాళ్ళు జెండా పట్టుకుని పరిగెడుతున్నారు.

మస్తాన్‌రావుకు ముందు అర్థం కాలేదు. అంతలో చేతిలోని ఫోన్ అరిచింది. ఆఖరి బంతి ఇప్పుడు, ఆ చిన్న తెరలో, బౌండరీ దాటి జనంలో పడింది.

 అతనికి నేల చీలితే బాగుండుననిపించింది.

"తౌఫీకూ... నేను..."

ఊహ తెలిసినప్పటి నుంచి అన్నా అని తప్ప పిలవని తౌఫీక్, కుర్చీ ఒకటి తెచ్చి అతని ముందు వేశాడు.

"కూర్చోండి, మస్తాన్‌రావు గారూ."