ఖాళీ గుల్ల వేసిందెవరు?

హలో... ఆఁ, వినబడుతోందా? అందరూ లైన్లోకి వచ్చేసినట్టేనా? టీ పక్కన పెట్టుకోండి, అది చల్లారేలోపు కథ అయిపోతుంది. ఇది పీతల కేసు. నవ్వకండి, ఒక మనిషి బతుకు తేలే కేసు.

"ఆ గుల్ల వేసింది నాచన్నే మేడం. ఒట్టు!"

పొద్దున పదింటికి ప్రొఫెసరు మేడం గదిలో బల్ల గుద్ది మరీ చెప్పింది పీతలమ్మాయి. సముద్రజీవుల మీద పీహెచ్‌డీ చేస్తోంది, రెండో ఏడు. పొద్దస్తమానం పీతల దగ్గరే ఉంటుందని ల్యాబ్‌లో ఆ పేరు పెట్టారు. నాచన్న ఆమెకి సీనియరు. సముద్రపు నాచు మీద పరిశోధన, అందుకని నాచన్న.

ఇద్దరికీ తగువు ఎక్కడంటే, నలభై రోజులు నడిసముద్రంలో తిరిగే పరిశోధన ఓడలో వీళ్ళ ల్యాబ్‌కి ఒక్కటే బెర్తు దొరికింది. ఎవరి పేరు పంపాలో మేడం ఆ మధ్యాహ్నం పన్నెండింటికల్లా తేల్చాలి. పీతలమ్మాయి అప్పుడే ఓడలో కడుపు తిప్పకుండా మాత్రలు కూడా కొని బ్యాగులో పెట్టుకుంది.

ఇక పీతల సంగతి. సన్యాసి పీతలని ఉంటాయి. పేరుకే సన్యాసులు, ఇంటి పిచ్చి మాత్రం మనకంటే ఎక్కువ. చచ్చిపోయిన నత్తల గుల్లల్లో దూరి కాపురం చేస్తాయి. ఇంకాస్త పెద్ద గుల్ల ఖాళీగా కనబడిందా, పాతది వదిలేసి అందులోకి మారిపోతాయి. ఆ వదిలిన దాంట్లోకి ఇంకోటి, దాని దాంట్లోకి మరోటి. ఒక్క ఇల్లు ఖాళీ అయితే వీధి వీధంతా సామాను సర్దుకున్నట్టే.

పీతలమ్మాయి ఇరవై పీతల్ని ట్యాంకులో పెట్టి, వాటి గుల్లల మీద నెంబర్లు వేసింది. రోజూ ఒక్కోదాన్ని వెల్లకిలా తిప్పి, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఎంతసేపటికి తల బయటపెడుతుందో రాసుకుంటుంది. ఏది ధైర్యం గలది, ఏది పిరికిది తేల్చాలన్నమాట. అయిదు నెలల కష్టం. అలాంటిది ఈ వారం మొత్తం తలకిందులైపోయింది.

"ఏడో నెంబరు ఎంత పిరికిదో మీకు తెలుసుగా మేడం? అయిదు నిమిషాలకి గానీ మీసం కూడా కదపదు. మొన్న నాలుగు సెకన్లలో బయటికొచ్చి నా వేలు కొరికింది! అనుమానమొచ్చి ఇవాళ గుల్లలన్నీ తీసి లెక్కపెట్టా. ఇరవై ఒకటి ఉన్నాయి. ఒకదాని మీద నెంబరే లేదు. పీతలన్నీ ఇళ్ళు మారిపోయాయి!"

"నేనెందుకు వేస్తాను చెల్లాయ్?" అన్నాడు నాచన్న, తలుపు దగ్గర నిలబడి. "దొంగబుద్ధే పుడితే నీ బిస్కెట్లు ఎత్తుకుపోతా గానీ, నీ పీతలకి ఇళ్ళ స్థలాలు ఇస్తానా?"

"ల్యాబ్ తాళాలు ఉన్నవే రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర. ఆదివారం తలుపు తీసింది నువ్వే."

"నా నాచుకి నీళ్ళు మార్చద్దా మరి?"

"చాల్లే అన్నా. మేడం, ఇది చూడండి." జేబు రుమాల్లో చుట్టి తెచ్చిన గుల్లని బల్ల మీద పెట్టింది. పీత లోపలికి ముడుచుకుని ఉంది. గుల్ల మీద గులాబీ రంగు చుక్క ఒకటి. "నేను నెంబర్లు వేసే నెయిల్ పాలిషే! మా అక్క దగ్గర కొట్టుకొచ్చింది, అలాంటిది ఈ బిల్డింగు మొత్తంలో ఇంకోటి లేదు. నా రంగే వాడాడు, ఎంత తెగింపో చూడండి. నెంబరు రాయబోయి చుక్క దగ్గరే ఆగిపోయాడు. తప్పు చేసే చెయ్యి కదా, వణికి ఉంటుంది."

నాచన్న తన చేతులకేసి ఒకసారి చూసుకున్నాడు. గబుక్కున జేబుల్లో దాచేసుకున్నాడు.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావే?"

"ఇంకేం వద్దు మేడం. గుల్ల వేసింది ఎవరైతే వాళ్ళ పేరు ఓడ లిస్టులోంచి కొట్టెయ్యండి. అంతే."

"మాట మీద ఉంటావా?"

"ఉంటాను."

"నువ్వేమంటావురా?"

"నేను వెయ్యలేదు మేడం. అందుకని నాకూ సమ్మతమే."

మేడం పెన్ను మూత తీసింది. "సరే. ఇంతకుముందు నెంబర్లు తెల్ల రంగుతో ఉండేవిగా, ఈ గులాబీ రంగు ఎప్పుడు వేశావు?"

"తారీఖుతో సహా ఉంటుంది మేడం." పీతలమ్మాయి నోట్‌బుక్ గర్వంగా బల్ల మీద పెట్టింది. "నేను రాయకుండా ఆ ట్యాంకులో ఉప్పు కూడా కరగదు. మీరు నేర్పిందేగా!"

మేడం పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. కిందనుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి చదివింది. నోట్‌బుక్ అటు తిప్పి అమ్మాయి ముందుకి జరిపింది.

"నువ్వే చదువు తల్లీ. మీ అన్నకి కూడా వినబడేలా."

పీతలమ్మాయి గొంతు సవరించుకుని హుషారుగానే మొదలుపెట్టింది, చివరికొచ్చేసరికి ఆ గొంతు ఏడో నెంబరు పీతలాగా లోపలికి ముడుచుకుపోయింది:

"పన్నెండో తారీఖు. తెల్ల రంగు వెలిసిపోతోంది. అక్క గులాబీ రంగు ఉప్పునీళ్ళలో నిలుస్తుందో లేదో చూడ్డానికి ఖాళీ గుల్ల మీద ఒక చుక్క పెట్టి ట్యాంకులో వేశాను. రేపు మర్చిపోకుండా తీసెయ్యాలి."

ఇదండీ సంగతి. మీ గ్రూపులో ఎవరైనా పక్కవాళ్ళ మీద ఫిర్యాదు రాస్తూ కూర్చుంటే, సంతకం పెట్టేలోపు ఈ కథ వాళ్ళకి పంపించండి.