పాసైన నేల

వెంకటేశ్వరమ్మ బకెట్టులో పేడనీళ్లు కలిపి, మొదటి దోసిలి కళ్ళాపి చల్లగానే చెంచురామయ్య పరుగున వచ్చాడు.

“ఆపవే! ఇవాళ రోడ్డు ఇంజినీరు వస్తుంది. తడిపితే మన నేల ఫెయిలవుతుంది.”

“నేలకి పరీక్షేంటండీ?”

“కడ్డీ దింపి చూస్తారట. దిగకపోతే పాసు. మొన్నటి వానకి మిర్చి ట్రాక్టరు ఇక్కడే దిగబడి సరుకంతా తడిసింది, మర్చిపోయావా? ఈసారి మన వీధికి గట్టి రోడ్డు పడి తీరాలి.”

ఆమె మర్చిపోలేదు. బకెట్టు తెచ్చి గడప లోపల పెట్టింది.

వారం నుంచీ అతను ఇంటిముందు గ్రావెల్ పోసి దిమ్మిసతో మొత్తుతూనే ఉన్నాడు. గ్రావెల్ కనబడకుండా పైన నల్లమట్టి కూడా చల్లాడు. పక్కవీధి గఫూర్ ఆగి చూశాడు.

“ఏరా చెంచూ, వీధికేమన్నా పెళ్లి చేస్తున్నావా?”

“నవ్వరా, నవ్వు. మీ గేదెల తొట్టి నీళ్లన్నీ మీ వీధిలోకే. మీ నేల ఫెయిలవడం ఖాయం.”

ఎండ ఎక్కేలోపే ఇంజినీరు భానుశ్రీ జీపు దిగింది. పక్కవీధి చూసుకునే వచ్చింది. ఇనుపకడ్డీ నిలబెట్టించి, దాని మీదికి బరువు జారవిడిపించింది. ఠంగుమంది. మళ్లీ వేయించింది. కడ్డీ దిగనంటోంది.

“ఇది నల్లరేగడే కదండీ, ఇంత గట్టిగా ఉందేం? గ్రావెలేమన్నా పోశారా?”

“అబ్బే! మా తాతలనాటి నుంచీ ఇంతేనమ్మా.”

“వానలకి మెత్తబడదా?”

“బండరాయే!”

వెంకటేశ్వరమ్మ మొగుడి వైపు చూసింది. లోపలికెళ్లి అందరికీ టీ పెట్టింది.

చెంచురామయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “ఇంతకీ మా నేల పాసేనా మేడమ్?”

భానుశ్రీ నవ్వింది. “పాసూ ఫెయిలూ ఏం లేవండీ. నేల బలాన్నిబట్టే రోడ్డు మందం. గఫూర్ గారి వీధి మరీ మెత్తన, అక్కడ కింద రాయి దండిగా పరిచి మందంగా వేయాలి. మీకు పల్చగా వేస్తే చాలు.”

అతని చేతిలో గ్లాసు ఆగిపోయింది.

“మీ వీధి చివర ఇంకొక్కచోట చూడాలి,” అందామె టీ ఊదుకుంటూ. “ఇది తాగేసి వెళ్దాం.”

చెంచురామయ్య కళ్ళాపి బకెట్టు ఎత్తుకుని, వీధి చివరికి నడిచాడు.