ఆకాశానికా, పడవకా?

పైకి తేలేసరికి పడవ లేదు.

ఎటు చూసినా అలలే. కొర్నెలిస్ గిర్రున చుట్టూ తిరిగి చూశాడు. భార్య వెరోనికా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రాళ్లలో ఇరుక్కున్న లంగరును విడిపించడానికి ఇద్దరూ నీటి అడుగుకు దిగారు. విడిపించారు కూడా. ఈలోగా ప్రవాహం తమను ఎటో లాక్కుపోయినట్టుంది.

భుజానికి కట్టుకున్న పరికరం మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది.

"ఇక భయంలేదు. మన పడవలో గంట మోగుతుంటుంది. దాయెంగ్ వచ్చేస్తాడు."

"రాకపోతే?"

"కాస్త శుభం పలకవే తల్లీ!"

లబువాన్ బాజో రేవులో ఈ పరికరాన్ని కొన్నరోజే పేచీ వచ్చింది. కొట్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఉపగ్రహానికి చెబుతుంది, ఎంత దూరమైనా కబురు పోతుంది. రెండోది చుట్టుపక్కల పడవల్లో గంట కొట్టి, మనిషి ఎక్కడున్నాడో తెర మీద చూపిస్తుంది. వెరోనికా మొదటిదే కావాలంది. వెంట వచ్చిన కెప్టెన్ దాయెంగ్ రప్పె ముఖం మాడిపోయింది.

"నెత్తిమీద నేనుండగా నీకు ఆకాశం దేనికి చెల్లీ? నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?"

పెద్దవాణ్ణి నొప్పించలేక కొర్నెలిస్ రెండోదే కొన్నాడు.

దాయెంగ్ పట్టింపులు అలాంటివి. పడవ మీద ఎవరైనా ఈల వేస్తే "గాలిని పేరంటానికి పిలుస్తున్నావట్రా?" అని చెవి మెలిపెడతాడు. రేవులో దిగాక మాత్రం రెండు వేళ్లు నోట్లో పెట్టి తనే వేస్తాడు. కొండ మీది మేకలు సైతం తలెత్తి చూస్తాయి.

"నేను చెప్తే విన్నావా?" వెరోనికా పళ్లు టకటకలాడుతున్నాయి. "గాలికి జడిసి ఇవాళ ఇంకో పడవ ఒక్కటీ రాలేదు. మన దాయెంగ్‌కు వినపడకపోతే మన పిల్లలకు దిక్కెవరు?"

కొర్నెలిస్ మీట మళ్లీ నొక్కాడు. పొద్దు వాలుతోంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. మరియమ్మకు మొక్కుకున్నాడు.

అప్పుడు వినిపించింది, ఈల.

సన్నగా, పొడుగ్గా. మళ్లీ ఇంకోసారి.

"దాయెంగే! చెప్పానా, వచ్చేశాడు!"

వెరోనికా ఏడుస్తూనే నవ్వింది. ఇద్దరూ ఉన్న సత్తువంతా కూడగట్టుకుని అటు ఈదారు.

పెద్ద అలొకటి వాళ్లను పైకెత్తగానే ఎదురుగా కనిపించాడు దాయెంగ్, మెడదాకా నీళ్లలో, తన పడవలో మిగిలిన చెక్కముక్కను కరుచుకుని.