వినడానికి వచ్చిన మనిషి

"ఇంకొకరు లోపల కూర్చుని మీ పరీక్ష వింటానంటున్నారు. మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగాడు ప్రొఫెసర్ బ్రోడర్సెన్, తలుపు సగం తెరిచి పట్టుకుని.

ఇమ్కెకు ఒళ్లు మండింది. పరువు పోయేది చాలక, చూడ్డానికి ప్రేక్షకులు కూడానా! మౌఖిక పరీక్షలో మిగతా విద్యార్థులు వెనక కూర్చుని వినడం ఆ యూనివర్సిటీలో మామూలే. పరీక్షకు వచ్చినవాళ్లు వద్దంటే మాత్రం బయటికి వెళ్లిపోవాలి. వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా అంటే పిరికిదనుకుంటాడేమోనని సిగ్గేసింది.

"పరవాలేదు, రమ్మనండి," అంది.

విద్యాశాస్త్రంలో తప్పనిసరి పేపరు అది. అప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఇక మూటాముల్లే సర్దుకోవలసిందే. భూగోళం, విద్యాశాస్త్రం కలిపి చదివే డిగ్రీ కాబట్టి, ఒకటి మునిగితే రెండోదాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. భూగోళంలో ఆమెకు వచ్చిన మంచి మార్కుల్ని అడిగే నాథుడుండడు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. పాసయ్యానని ఇంట్లో చెప్పేసింది. అమ్మ పొంగిపోయి, చెర్రీ కేకు చేసి, ఇరుగుపొరుగుల్ని కాఫీకి పిలిచింది. అందరూ అభినందిస్తుంటే ఈ మహాతల్లి తల వంచుకుని ఆ కేకు రెండు ముక్కలు తినేసింది కూడా.

ఇమ్కె వెళ్లి కుర్చీలో కూర్చుంది. జరిగినదంతా రాయడానికి ఒక సహాయకురాలు కలం పట్టుకుని సిద్ధంగా ఉంది. వెనక అడుగుల చప్పుడైతే ఇమ్కె తిరిగి చూసింది.

వచ్చింది అమ్మ.

వానకోటు ఇంకా విప్పలేదు. చేతిసంచి గుండెలకు హత్తుకుని ఉంది. కూతుర్ని చూడగానే ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. వెనక గోడ పక్కనున్న కుర్చీలో కూలబడింది.

భూమి చీలిపోతే బాగుండుననుకుంది ఇమ్కె.

"మొదలుపెడదామా? పెంపకానికీ చదువుకీ తేడా ఏమిటి?" అన్నాడు ప్రొఫెసర్.

ఇమ్కె పుస్తకంలో ఉన్నది అప్పజెప్పబోయింది. రెండు వాక్యాలు వచ్చాయి. మూడోది ఎక్కడో చిక్కుకుపోయింది. చెవులు కాలిపోతున్నాయి.

"పుస్తకం పక్కన పెట్టండి. మీ సొంత ఉదాహరణ ఒకటి చెప్పండి," అన్నాడాయన.

ఎలాగూ అంతా అయిపోయింది, ఇక దాచేదేముందనుకుంది ఇమ్కె.

"ఒకమ్మాయి పరీక్ష తప్పి, ఇంట్లో పాసయ్యానని చెప్పిందనుకోండి. అబద్ధం చెప్పకూడదని వాళ్లమ్మ చిన్నప్పుడే నేర్పింది. అది పెంపకం. ఎవరూ నిలదీయకపోయినా, ఆ అమ్మాయి తనకి తానే సిగ్గుతో చచ్చిపోతుంటే, అక్కడ మొదలయ్యేది చదువు."

ప్రొఫెసర్ ముందుకు వంగాడు. దాని మీద ఇంకో ప్రశ్న వేశాడు, ఆ తర్వాత ఇంకోటి. ఇమ్కె తడబడుతూనే అన్నిటికీ జవాబు చెప్పింది. వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడొకటి వినబడింది.

"ఇద్దరూ కాసేపు బయట ఉండండి. మార్కులు తేల్చి పిలుస్తాం," అన్నాడాయన చివరికి.

వరండాలోకి రాగానే ఇమ్కె అమ్మ మీద విరుచుకుపడింది. తప్పు తనదే అయినప్పుడు కోపం ఎక్కడ లేని వేగంతో వస్తుంది.

"ఈ వేళప్పుడు నువ్వు పనిచేసే పిల్లల బడిలో ఉండాలి కదా! నా అబద్ధం పట్టుకోవడానికి పనిగట్టుకుని రైలెక్కి వచ్చావా?"

"లేదే. నువ్వుంటావని నాకు తెలియదు, ఒట్టు. తెలిస్తే ఈ గుమ్మం తొక్కేదాన్నే కాదు."

"అబద్ధాలు నా దగ్గరే నేర్చుకున్నావా ఏంటి? ఇప్పుడర్థమవుతోంది నాకు. ఏం చదివావు, ఏ పుస్తకం చదివావు, ఏమేం అడిగారు అని వారం వారం ఫోన్‌లో గుచ్చి గుచ్చి అడిగేదానివి. నాకోసం బెంగ అనుకున్నాను. అనుమానమన్నమాట!"

"అనుమానం కాదు ఇమ్కె..."

"మరేంటి? కేకు చేసినందుకు నీకు ఎంత తలవంపులో నాకు తెలుసు. తప్పు నాదే. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. కానీ అందరి ముందూ ఇలా చేస్తావా? అయినా విద్యార్థుల్ని తప్ప లోపలికి రానివ్వరు. ఏం చెప్పి దూరావు?"

అమ్మ చెవుల దాకా ఎర్రబడిపోయి, సంచి పట్టీని వేళ్లకు చుట్టుకుంటూ నేల చూపులు చూసింది. అమ్మ అలా తల దించుకోవడం ఇమ్కె ఎప్పుడూ చూడలేదు. తానన్న మాటలకు తనకే సిగ్గేసింది.

తలుపు తెరుచుకుంది.

"పాసయ్యారు ఇమ్కె. మంచి మార్కులే వేశాం," అంటూ ప్రొఫెసర్ బ్రోడర్సెన్ చెయ్యి కలిపాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, తలుపు బార్లా తెరిచాడు.

"ఇక మీ పరీక్ష, రండి. మీకూ ఇది మూడోసారే కదా, కంగారుపడకండి."