వైఫై కనబడటం లేదు, సాయం చేయండి

ఆమె భయమల్లా ఒక్కటే. పాపని తన దగ్గర్నుంచి లాగేసుకుంటారని.

పాప నాకే కావాలని భర్త కేసు వేశాడు. కిందటి వాయిదాకి బస్సు దొరక్క ఆమె వెళ్ళలేకపోయింది. "ఈసారి వీడియోలోనైనా సరే, హాజరు కావాలి. లేకపోతే అవతలివాళ్ళు చెప్పిందే విని తేల్చేస్తాం" అన్నారు జడ్జిగారు. ఆ వాయిదా ఇవాళే. ఇంకో అరగంటలో.

ల్యాప్‌టాప్ తెరిస్తే వైఫై గుర్తు మాయం.

మంచం మీద పెట్టి చూసింది. కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి చూసింది. మూసి తెరిచింది. గోడ మీద రూటర్ మాత్రం తనకేం పట్టనట్టు పచ్చగా మిణుకుమంటోంది. పోనీ ఫోన్‌లో కానిద్దామంటే, పాప కింద పడేసిన రోజే దాని కెమెరాలు పోయాయి. ముఖం కనబడకపోతే హాజరు వెయ్యరట. లాయరమ్మకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు.

"వాడే చేసుంటాడే" అంది అమ్మ, పక్కగదిలో పాపని జోకొడుతూ. "ఉన్న విండోస్ తీసేసి, ఊరికే వచ్చిందని ఆ లైనక్సేదో ఎక్కించినప్పుడే అనుకున్నాను. పోతూ పోతూ అందులో ఏం పెట్టిపోయాడో! లేకపోతే సరిగ్గా ఇవాళే పాడవ్వాలా?"

"అమ్మా, నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా?"

"నేను మూసుకుంటాలే. ముందా డబ్బా నోరు తెరిపించు."

ఆమెకీ లోపల అదే అనుమానం. మనిషి ఇల్లు వదిలిపోయినా వస్తువులో కూర్చుని సాధిస్తున్నట్టుంది.

ఫోన్‌లో వెతగ్గా వెతగ్గా ఒక సైటు దొరికింది. లైనక్స్ వాడే తెలుగువాళ్ళు ఒకళ్ళనొకళ్ళు సందేహాలు అడుక్కునే చోటు. అక్కడ ఎవరికీ అసలు పేరుండదు, అన్నీ పెట్టుడు పేర్లే. పేరు అడిగితే 'కంగారు' అని కొట్టి, కింద రాసింది: "వైఫై కనబడటం లేదు, సాయం చేయండి. అరగంటలో కోర్టు వీడియో ఉంది. నేను కనబడకపోతే నా కూతురు నాకు దక్కదు. ఎవరన్నా ఉంటే దణ్ణం పెడతాను."

'పులి' అనే ఆయన వెంటనే గాండ్రించాడు. "ఏ వెర్షన్, ఏ కార్డు చెప్పకుండా అడిగితే మేమేమన్నా జ్యోతిష్యులమా?"

'మేధావి' అనే ఇంకొకాయన తేల్చేశాడు. "మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించుకోండి."

ఇంకెవరో ఫోన్‌ని వైరుతో కలిపి నెట్ ఇవ్వమన్నారు. ఇంట్లో ఉన్న వైరు చార్జింగుకి తప్ప దేనికీ పనికిరాలేదు.

ఆమె మేధావి చెప్పినట్టు మొత్తం తీసెయ్యడమెలాగో వెతకబోతుండగా 'తాబేలు' వచ్చాడు.

"ఏదీ తీసెయ్యకండి. నేనున్నాను. ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి."

"అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుంది."

"అన్నయ్య అనక్కర్లేదు. చెప్పింది కొట్టండి చాలు."

ల్యాప్‌టాప్‌లో కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిపించాడు. ఎల్, ఎస్, పీ, సీ, ఐ... ఒక్కో అక్షరమే చెప్పి కొట్టించాడు. పదో తరగతి మధ్యలో ఆగిన చదువు ఆమెది. తెర మీద బిలబిలమని దిగిన ఇంగ్లీషుని కూడబలుక్కుంటూ ఫోన్‌లోకి ఎక్కించింది. రెండుచోట్ల తప్పు పోయింది. అతను విసుక్కోకుండా మళ్ళీ అడిగాడు.

"వైఫై కార్డు బతికే ఉంది. నిన్న ఏమన్నా అప్‌డేట్ చేశారా?"

చేసింది. ఇవాళ ఏ అడ్డమూ రాకూడదని, తెర మీద అడిగిన ప్రతిదానికీ సరే సరే అని నొక్కుకుంటూ పోయింది.

"చేశాను. నా కొంప నేనే ముంచుకున్నానా?"

"మునగలేదు. సిస్టమ్‌కి గుండెకాయలాంటిది కొత్తది వచ్చి కూర్చుంది. దానికీ మీ వైఫై కార్డుకీ పొసగడం లేదు, అంతే. పాత గుండెకాయ లోపలే ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టండి. పెట్టగానే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. కుడివైపుది. ఎడమది పట్టుకున్నా లాభం లేదు."

నొక్కింది. చెమటకి వేలు జారింది. మామూలుగానే తెరుచుకుంది. వైఫై గుర్తు మాత్రం రాలేదు.

"కోర్టువాళ్ళు పిలిచారా?" పక్కగదిలోంచి అమ్మ కేక.

"లేదమ్మా! నువ్వు పిలవకు, చాలు!"

కోర్టునుంచి మెసేజ్ వచ్చింది. మీ కేసు తర్వాతిది, సిద్ధంగా ఉండండి.

"నావల్ల కావడం లేదండీ" అని రాసింది తాబేలుకి. కళ్ళలో నీళ్ళకి అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

"అవుతుంది. మళ్ళీ ఆపండి. ఈసారి రెండు చేతుల్తో పట్టుకోండి."

పట్టుకుంది. ప్రాణం పట్టుకున్నట్టు పట్టుకుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల జాబితా వచ్చింది.

"అడ్వాన్స్‌డ్ అన్నదాంట్లోకి వెళ్ళండి. పైనుంచి మూడోది. రికవరీ అని ఉన్నది ముట్టుకోకండి."

నొక్కింది. అక్షరాలు పరుగులు పెట్టాయి. తెర వెలిగింది. మూలన, చిన్న గొడుగులాగా, వైఫై గుర్తు.

కోర్టు లింకు తెరుచుకుంది. 'మిమ్మల్ని లోపలికి పిలిచేవరకు ఆగండి' అని ఉంది. ఆమె ముఖం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, గబగబా ఫోన్ అందుకుంది.

"వచ్చేసిందండీ! మీరెవరో, ఎక్కడుంటారో తెలీదు. ఈ జన్మలో మీ మేలు మర్చిపోను. నా పాపని నాకు నిలబెట్టారు."

ఇంతసేపూ ఠపీ ఠపీమని జవాబిచ్చిన తాబేలు ఈసారి కాస్త ఆగి రాశాడు.

"నా పేరు కూడా పిలుస్తున్నారు, ఇక ఫోన్ పక్కన పెట్టేస్తున్నా, తీర్పు మనిద్దర్లో ఎవరివైపు వచ్చినా సరే, ఆదివారం నా దగ్గరున్నప్పుడు పాప చెవి పట్టుకుని ఏడ్చింది, నొప్పి తగ్గిందో లేదో ముందు ఒక్కసారి వెళ్ళి చూడు."