ఓబులేసుకు రాని లెక్కలు

ఓబులేసు ఇంటరు లెక్కల్లో కాలేజీకే ఫస్టొచ్చాడని తెలిసి, సంతోషం పట్టలేక అతనికీ, నా సోడా అంగడి పక్కన టైలరింగు చేసే దస్తగిరికీ చెరో సోడా కొట్టిచ్చాను.

రాజధాని కర్నూలు నుంచి తరలిపోయిన ఏడాదే దస్తగిరి తండ్రి చనిపోయాడు. కుర్రవాడు కాలేజీ మాని తండ్రి మిషను ముందు కూర్చున్నాడు. తోటి విద్యార్థి ఓబులేసు మాత్రం రోజూ సాయంత్రం కాల్కులస్ పుస్తకం పట్టుకొచ్చేవాడు.

“నా తలకెక్కలేదురా, నువ్వే చెప్పల్ల.”

“నీది తలకాయా, సొరకాయా?” అని తిడుతూనే దస్తగిరి ముందు తాను చదివి, సుద్దతో గుడ్డ మీద గీసి చెప్పేవాడు. రోజంతటిలో ఆ కాసేపే అతని ముఖంలో నవ్వు కనిపించేది.

“చెప్పినోడివి నువ్వే గదప్పా, ఈ ఫస్టు నీదే,” అన్నాను దస్తగిరితో.

దస్తగిరి సోడా ముట్టలేదు. “మేం చదివింది సగం పుస్తకమే గదన్నా. మిగతా సగం వీనికెట్ల వచ్చింది?”

ఓబులేసు తల వంచుకున్నాడు. “నాకు మొదట్నుంచీ వచ్చురా. రాదంటేనన్నా నువ్వు చదువుతావని అట్లంటి. రేపు పైచదువుకు మద్రాసుకు పోతాండా. ఈ పుస్తకం నువ్వే పెట్టుకో, మిగతాది చదువు.”

దస్తగిరి పుస్తకాన్ని మెల్లగా వెనక్కి తోశాడు.

“ఎవురికి చెప్పల్లని చదవల్లరా?”